మంచం పక్క మూల

"ఆ మంచం పక్క మూల ఒకసారి బొటనవేలితో నొక్కి చూడండి బాబూ."

ఐర్లండులోని అత్లోన్‌లో, లోపలే మంచాలూ వంటగదీ ఉండే పాత మోటర్‌హోమ్ బండ్లు అమ్మే యార్డులో తెలుగు వినబడేసరికి జయకుమార్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర అరిగిన కోటు. పెద్దాయన బండి గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, చాలాకాలానికి కనబడ్డ మనిషి భుజం మీద చెయ్యి వేసినట్టు.

"వందనాలు. నా పేరు జోజి. మాది తెనాలి దగ్గర. బండి ఎవరికోసం?"

"వందనాలండి. మా పాప కోసం."

తొమ్మిదేళ్ల ఫెబికి ఆస్తమా. హోటలు గదుల్లో కార్పెట్ల దుమ్ము పడదు. సెలవులకి ఎక్కడికెళ్లినా రెండో రోజుకే ఆయాసం. సొంత బండి అయితే శుభ్రంగా ఉంచుకోవచ్చని, పిల్ల ఒక్కసారైనా సముద్రం పక్కన హాయిగా నిద్రపోతుందని జయకుమార్ ఆశ. అందుకోసం అతనూ, నర్సుగా చేసే భార్య దేవకుమారీ నాలుగేళ్లు ఓవర్‌టైములు చేశారు.

"అయితే ఇది వద్దు బాబూ," అన్నాడు జోజి. "లార్క్‌మూర్ అని పేరు చూసి మోసపోకండి. కంపెనీ చేతులు మారింది. పాతవాళ్లు పైకప్పు ఒకే ముక్కగా వేసేవాళ్లు. కొత్తవాళ్లు అతుకులేసి, జిగురు పూసి వదిలేస్తున్నారు. వాన నీళ్లు గోడలోకి దిగుతాయి. పైకి ఏమీ తెలీదు, లోపల బూజు పట్టుద్ది. ఆయాసం ఉన్న పిల్లకి బూజంటే మాటలా?"

"ఐదేళ్ల బండే కదండీ ఇది!"

"పక్కన ఉన్నది పదిహేనేళ్లది. అదే కంపెనీ. అందులో అల్మారా తలుపు తీసి వాసన చూడండి. ఇప్పటికీ చెక్క వాసనే."

జయకుమార్ మెత్తబడ్డాడు. ఈలోగా సేల్స్‌మన్ వచ్చి చెవిలో ఊదాడు. ఆ పాత బండి ఈ పెద్దాయనదేనట. అమ్మకానికి పెట్టి నెలవుతోందట.

అంతే, జయకుమార్‌కి ఒళ్లు మండింది.

"మీ డొక్కు అంటగట్టడానికి దీనికి వంకలు పెడుతున్నారా అంకుల్?"

"అయ్యో, అది కాదు. నాది కొనొద్దు బాబూ. ఇంకేదైనా కొనుక్కోండి. ఇది మాత్రం వద్దు. నేనసలు..."

"మీరెవరైతే నాకేంటండీ? మీ పని మీరు చూసుకోండి."

జోజి గోడ మీంచి చెయ్యి తీసేశాడు. వెళ్తూ వెళ్తూ, తండ్రి పక్కన నిలబడ్డ ఫెబి తల నిమిరాడు.

"హీ వాజ్ నైస్, డాడ్," అంది ఫెబి.

"నీకు తెలీదులే."

ఆ పూటే కాగితాల మీద సంతకాలు అయిపోయాయి.

టాలట్‌లో ఇంటికి చేరగానే జయకుమార్ ఫోన్ తీశాడు. ఐర్లండులోని తెలుగు క్రైస్తవ కుటుంబాల వాట్సాప్ గ్రూపుకి అతనే అడ్మిన్.

'అత్లోన్ యార్డులో జోజి అనే పెద్దమనిషితో జాగ్రత్త. వందనాలు చెప్పి మరీ బుట్టలో వేస్తాడు.'

నలభైమంది నవ్వే బొమ్మలు పెట్టారు.

సాయంత్రానికి అడ్మిన్‌కి మాత్రమే కనబడే చిన్న వరుస ఒకటి వచ్చింది. 'జోజి గ్రూపు నుంచి వెళ్లిపోయారు.'

"ఆయన మన గ్రూపులోనే ఉన్నారా?" అంది దేవకుమారి. "చదివేసి ఉంటారు. ఒక్క మాటైనా అనలేదే!"

"తప్పు చేసినోడు ఏమంటాడు?" అన్నాడు జయకుమార్.

మొదటి ట్రిప్పు బాగానే జరిగింది. అక్టోబరు వానలు మొదలయ్యాక ఫెబికి దగ్గు పట్టుకుంది. మూడో ట్రిప్పు ఆసుపత్రిలో ముగిసింది. పిల్లకి ఆక్సిజన్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు.

తిరిగొచ్చాక జయకుమార్ బండి ఎక్కి, ఫెబి పడుకునే మంచం పక్క మూలని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

గ్రూపులో ఉన్న జోజి పాత నంబరు పనిచేయలేదు. యార్డుకి ఫోన్ చేశాడు, కొత్తది కావాలని.

"ఆయన పాత బండి వచ్చిన ధరకి ఇచ్చేసి ఇండియా వెళ్లిపోయాడు. ఇక రాడు," అన్నారు.

పెద్దాయన చెప్పింది నిజమే అయింది. క్షమించమని అడుగుదామంటే మనిషే లేడు. గ్రూపులో పెట్టిన మాట వెనక్కి తీసుకుందామని రెండుసార్లు టైపు చేసి, నలుగురూ ఏమనుకుంటారోనని రెండుసార్లూ చెరిపేశాడు. తను అంత పిరికివాడని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు ఇంటికొచ్చిన ఐరిష్ మెకానిక్ తడిసిన గోడ పలక ఊడదీస్తూ అన్నాడు.

"లార్క్‌మూర్‌లో ఇదివరకు తనిఖీకి ఒక మనిషి ఉండేవాడు. బండి నచ్చకపోతే చెక్క మీద పెన్సిల్‌తో కారణం రాసి ఆపేసేవాడు. అది ఫ్యాక్టరీ గేటు దాటేది కాదు. కొత్త యజమానులు కొన్నాళ్లు చూసి ఆయన్నే ఇంటికి పంపేశారు. రాతలన్నీ గీకించి, ఆపిన బండ్లన్నీ అమ్మేశారు."

పలక ఊడి చేతికొచ్చింది. మెకానిక్ లోపలికి టార్చి వేశాడు.

"ఇక్కడొకటి మిగిలిపోయింది. ఇదేం భాషో తెలీక గీకకుండా వదిలేసినట్టున్నారు. నీకేమైనా తెలుసా?"

బయట తలుపు దగ్గర ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడ్డ ఫెబి తొంగిచూసింది. "వాట్ డజ్ ఇట్ సే, డాడ్?"

జయకుమార్ టార్చి అందుకుని దగ్గరికి వంగాడు.

బూజు పట్టిన చెక్క మీద, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, పెన్సిల్ రాత ఇంకా చెరగకుండా ఉంది: 'ఈ మూల నీరు దిగుతుంది, పక్కనే పిల్లలు పడుకుంటారు, ఈ బండిని నేను పంపను - జోజి.'