ఏనుగు వెనకాల చీమ

"చీమేదమ్మా?" అంది బుడంకాయ.

"ఉంటుందే, సరిగ్గా వెతుకు."

బుడంకాయకు ఐదేళ్ళు. ఎడమ కన్ను మందకొడి. బాగున్న కుడి కంటికి పట్టీ అంటించి, బద్ధకించిన కంటిచేత పని చేయించాలన్నాడు కళ్ళ డాక్టరు. ఇప్పుడు వదిలేస్తే పెద్దయ్యాక ఏ అద్దాలూ పనికిరావని కూడా చెప్పాడు. కానీ వినేదెవరు? అంటించిన మరుక్షణం పీకి పారేస్తుంది, మొండిఘటం.

చివరికి తల్లి ఒక ఎర వేసింది.

"నా చిన్నప్పటి బొమ్మల పుస్తకం కొనిపెడతాను. అందులో ఏనుగు గొడుగు కొనుక్కోవడానికి బజారుకెళ్తుంది. ప్రతి పేజీలో దాని వెనకాల ఎక్కడో ఒక చీమ దాక్కుని ఉంటుంది. పట్టీ పెట్టుకునే వెతకాలి మరి!"

తల్లికీ చిన్నప్పుడు అదే కన్ను, అదే జబ్బు, అదే పట్టీ. ఇప్పుడామె గడియారాలు బాగుచేస్తుంది. ఆవగింజలో సగం కూడా లేని స్క్రూలు బిగించి ఇల్లు నడుపుతోంది.

ఆ పుస్తకం షాపులో ఇంకా దొరకడమే అదృష్టమనుకుంది. తీరా తెరిస్తే మొదటి పేజీలో చీమ లేదు. రెండో పేజీలోనూ లేదు. ఏనుగుంది, గొడుగులున్నాయి, గొడుగులమ్మే కోతి కూడా ఉంది. చీమ జాడే లేదు.

"అబద్ధాల అమ్మ!" అని బుడంకాయ పట్టీ పీకేసింది.

తల్లి మొహం చిన్నబోయింది. అంతకు మించి ఆశ్చర్యమేసింది. చీమ లేకుండా ఆ కథ ఏం కథ?

మర్నాడు సెలవు. కూతుర్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్ళి, బీరువా అడుగున పాత దుప్పట్లన్నీ లాగి పోసింది.

పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది. చీమ మాత్రం ఉంది! మొదటి పేజీలో ఏనుగు తోక కింద బొద్దింకంత చీమ. పోనుపోను చిన్నదవుతూ, చివరి పేజీకి చుక్కంత.

"నేను వెతుకుతా! పట్టీ ఏదీ?" బుడంకాయ తనే సంచీ వెతికి తీసింది.

గడియారాల వాళ్ళకు ఏది చూసినా లోపలేముందో చూడాలనిపిస్తుంది. తల్లి తన పని భూతద్దాన్ని ఎడమ కంటికి తగిలించుకుని చీమ మీదకు వంగింది. ఏనుగు అచ్చులో పడిన బొమ్మ. చీమ కాదు. దాని కాళ్ళ దగ్గర సిరా కాగితంలోకి ఇంకింది.

"అమ్మా, ఈ చీమల్ని ఎవరో పెన్నుతో గీశారు! ఎవరు?" తల్లి వంటింటివైపు కేకేసింది.

అమ్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఇంకెవరు? మీ దొంగచూపు తాత."

కళ్ళజోళ్ళ కొట్లో పట్టీలు అంటించే ముసలాయన! ఎప్పుడూ మెడ పక్కకు వంచి ఓరగా చూసేవాడు. చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది తనే. వెళ్ళినప్పుడల్లా తన ఏనుగు పుస్తకం లాక్కుని లోపలి గదిలోకి పోయేవాడు. తిరిగిచ్చేదాకా తను ఆ కొట్టు పీకి పందిరేసేది. ఒకసారి చెయ్యి కూడా కొరికింది.

"ఆ పుస్తకాల దొంగా?"

"దొంగా లేదు, గింగా లేదు. నువ్వు పట్టీ ఉంచుకోవడం లేదని నేను ఆయన ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ రోజే మొదలెట్టాడు. వెళ్ళినప్పుడల్లా ఓ చీమ. నీ కన్ను కాస్త తేరుకుంటే చీమను కాస్త చిన్నది చేసేవాడు."

నిన్న కనపడని చీమ ఇవాళ కనపడితే, అది తన కంటి గొప్పే అనుకునేది తను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనే వద్దన్నాడు. నేను వేశానని తెలిస్తే చీమ వంక కూడా చూడదమ్మా, అన్నాడు. తర్వాతైనా చెబుదామంటే, ఆయన మాటెత్తితేనే మొహం చిట్లించేదానివి. నేనూ ఊరుకున్నాను."

"పద, ఇప్పుడే వెళ్ళి కలుద్దాం."

"ఎక్కడికే? అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది."

ఆమెకు తను కొరికిన ఆ చేతిని ఒక్కసారి పట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది.

ఇంతలో బుడంకాయ చీమలన్నిటినీ పట్టేసింది.

"అయిపోయాయి! ఇంకా కావాలి!"

తల్లి కొత్త పుస్తకం, ఒక పెన్ను తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"నా పుస్తకం! దొంగమ్మా, ఇచ్చెయ్!" తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది.

"కాసేపు ఆగవే తల్లీ!"

రోజూ స్క్రూలు బిగించే చెయ్యే. అయినా భూతద్దం పెట్టుకుని గీస్తే మొదటి చీమకే మూడు కాళ్ళు వంకరపోయాయి. ఎంత ఓపిక ఉండాలి దీనికి! ఆమె తలుపు ఓరగా తెరిచింది.

"అమ్మా, అంత మంచివాడు, మరి ఆ దొంగచూపు ఎందుకు చూసేవాడు?"

అమ్మమ్మ మనవరాలి కంటి పట్టీ అంచు ఊడకుండా వేలితో నొక్కుతూ చెప్పింది.

"చిన్నప్పుడు ఆయనకూ ఇదే జబ్బటే. పట్టీ ఉంచుకోమని బతిమాలేవాళ్ళు లేక ఓ కన్ను పనికిరాకుండా పోయిందట. నీ చీమలన్నీ మిగిలిన ఆ ఒక్క కంటితో వేసినవే."