నీలంగా వెలిగే అక్షరం

"నవీన అంటే మీరేనా అమ్మా? మీతో ఒక చిన్న పని."

ల్యాబు గుమ్మంలో ఎవరో ముసలాయన. భుజాన సంచి, చేతిలో చిన్న డబ్బా.

నవీనకు ఒళ్లు మండింది. తిరుపతిలో చిన్న పని అంటూ వచ్చేవాళ్లకు ఏం కావాలో ఆమెకు తెలియదా! పొద్దుటి నుంచీ ఫోన్లలోనూ అదే గోల.

"దర్శనం టికెట్లు మా దగ్గర లేవు పెద్దాయనా."

"అది కాదమ్మా, నేను వచ్చింది..."

"సిఫారసు లెటర్లూ ఇయ్యం. యూనివర్సిటీలో ఉంటే దేవుడు మాకు చుట్టమా?"

ఆయన డబ్బా ముందుకు చాపాడు. "ఇది మీకే..."

"స్వీట్లు పెట్టి పని జరుపుకుందామనా? తీసుకోని పోండి. నాకు ఈడ ప్రాణం పోతా ఉండాది!"

ఆయన ముఖం చిన్నబోయింది. "సరేమ్మా, పని చూసుకో" అని మెట్లు దిగిపోయాడు.

ఆమె అన్నది అబద్ధమేమీ కాదు. డీఎన్‌ఏలోని ఒక అక్షరాన్ని కాస్త మార్చి, కాంతిని మింగి నీలంగా వెలిగే అణువును కంప్యూటర్లో తీర్చిదిద్దింది. జబ్బు పడ్డ కణాన్ని పట్టిచ్చే దీపమవుతుందని ఆశ. తెరమీద వెలిగితే చాలా? నిజంగా తయారుచేసి చూపిస్తేనే పీహెచ్‌డీ అన్నారు. ఎన్ని ల్యాబులకు రాసినా ఉలుకూ పలుకూ లేదు. గడువేమో నెలాఖరు.

వారం తర్వాత గైడు రఘునాథ్ సార్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"చెన్నైలో బాలచంద్ర అని పెద్ద కెమిస్టు. నీకు చెప్పకుండా నీ లెక్కలు ఆయనకు పంపినాను. జవాబులు రాసే మనిషి కాదులే."

"ఒప్పుకున్నాడా సార్?"

"చేసేసినాడు. నువ్వు చెప్పిన నీలమే వెలిగిందంట."

నవీన కుర్చీలోంచి ఎగిరి లేచింది. "యాడుంది సార్ అది?"

"ఆయన నిన్న పోయినాడమ్మా. గుండెపోటు. చల్లగా పెట్టాల్సిన సరుకు, డబ్బాతో సహా సంచిలోనే ఉండిపోయి వేడికి పాడైపోయింది. ఎట్ల చేసినాడో ఇంకెవురికీ తెలీదు."

సంచి అన్న మాటకు నవీన చూపు ల్యాబు గుమ్మం వైపు తిరిగింది.

"సంచిలో... ఎందుకుండాది సార్?"

"నీ చేతికే ఇచ్చి మెచ్చుకోవాలని పోయిన వారం తిరుపతికి వచ్చినాడంట. వెనక్కి పోయినాక సంచి కూడా విప్పకుండా మంచమెక్కినాడు. వాళ్ల కూతురు ఫోన్లో ఒకటే ఏడుపు. అంత దూరం పోతా ఉండావు, కొండెక్కి దర్శనం చేసుకోని రా నాయనా అంటే, నాకు దర్శనం వద్దమ్మా, ఆ పిల్లను చూస్తే చాలు అన్నాడంట."