ఏడేళ్లా, పద్నాలుగేళ్లా

"పొయ్యి ఆర్పేయ్ జ్ఞానాంబా. ఈ పద్ధతి నాది. పేటెంటు నా పేరు మీద ఉండాది" అన్నాడు వరదయ్య, వాకిట్లో అడుగు పెడుతూనే.

జ్ఞానాంబ పొయ్యి ఆర్పలేదు. పలమనేరులో ఆమెది చింతగింజల పొడి చేసే చిన్న కొట్టం. గింజల్ని వేడి ఇసుకలో వేయించి, పొట్టు రాల్చి, లోపలి పప్పును పిండి పట్టిస్తుంది. ఆ పొడిని పుత్తూరు వైపు నేతగాళ్లు నూలుకు గంజి పెట్టడానికి కొంటారు. ఆమెతో పాటు పదకొండు మంది ఆడవాళ్లు ఆ పొయ్యినే నమ్ముకుని ఉన్నారు. అది ఆరితే పన్నెండు ఇళ్లలో పొయ్యి ఆరినట్టే.

వరదయ్య ఒంటరిగా రాలేదు. చిత్తూరు నుంచి వకీలు వెంకటరమణను కారులో వెంటబెట్టుకుని వచ్చాడు. వరదయ్య అదే పొడితో ముప్పై అయిదేళ్లకే ఫ్యాక్టరీ కట్టిన మొనగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. సీలున్న కాగితాన్ని ఆమె ముందు ఊపుతూ, 1979లో సీలు పడిందనీ, అక్కణ్ణించి పద్నాలుగేళ్లు లెక్కేసుకోమనీ, 1993 దాకా చింతగింజను ఇసుకలో వేయించాలంటే తనను అడగాల్సిందేననీ చెప్పాడు.

వకీలు గొంతు సవరించుకున్నాడు. లెక్క సీలు పడిన రోజు నుంచి కాదు, పూర్తి వివరాలు దాఖలు చేసిన రోజు నుంచి అన్నాడు. దాఖలు చేసింది 1976లో. కాబట్టి గడువు 1990 దాకానే.

"మూడేళ్లు పోతే పోనీలే సార్. ఇప్పుడు ఎనభై నాలుగే గదా. ఇంకా ఆరేళ్లుండాయి."

జ్ఞానాంబ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది. భయం ఆమె ముఖంలో ఎక్కడా లేదు.

"పద్నాలుగేళ్లు అన్నిటికీ కాదంట గదా సార్. తినే వస్తువు చేసే పద్ధతికి ఏడేళ్లేనంట. తిరుపతికి పోయి లా చెప్పే అయ్యవారిని అడిగొచ్చినా."

వకీలు ఆమెను ఈసారి సరిగ్గా చూశాడు. అబద్ధమాడని వకీళ్లు అక్కడక్కడా ఉంటారు, ఆయన వాళ్లలో ఒకడు. తిండికీ మందులకూ గడువు వేరేనని ఒప్పుకున్నాడు. దాఖలైన రోజు నుంచి ఏడేళ్లు, సీలు పడిన రోజు నుంచి అయిదేళ్లు, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అదే. ఆ లెక్కన వరదయ్య పేటెంటు పోయినేడాదే ముగిసింది. పొడిగించుకునే దారి లేదా అని వరదయ్య అడిగాడు. పాత చట్టంలో ఉండేదనీ, కొత్త చట్టంలో ఆ మాటే తీసేశారనీ వకీలు చెప్పాడు.

వరదయ్య తొణకలేదు. పైగా నవ్వాడు.

"ఉంటే ఏమి, లేకుంటే ఏమి? ఇది తినే వస్తువా సార్? నూలుకు పెట్టే గంజి. పద్నాలుగేళ్లే నాకు."

అంత తేలిక కాదన్నాడు వకీలు. తినడానికి పనికొచ్చే వస్తువైనా సరే, చట్టం దాన్ని తిండి కిందే లెక్కగడుతుంది. దీన్ని ఎవరూ తిని ఎరగరంటే వరదయ్యదే గెలుపు. తిని బతికినవాళ్లు ఒక్కరు సాక్ష్యం చెప్పినా చాలు, కేసు నిలవదు.

వరదయ్య పనివాళ్ల వైపు తిరిగాడు. గింజలు చెరుగుతున్న తిరుమలమ్మను, నువ్వు తిన్నావా అని అడిగాడు. ఆమె తల వంచుకుని చాట విదిలించింది. పక్కనున్న సంతోషమ్మను అడిగాడు. ఆమెకు ఉన్నట్టుండి పొయ్యిలో కట్టెలు సర్దే పని గుర్తొచ్చింది. మిగతావాళ్లూ అంతే. ఆ ప్రాంతంలో కరువు గురించి ఎంతసేపైనా చెప్పుకుంటారు. ఆ కరువులో ఏం తిన్నారో మాత్రం చెప్పుకోరు. చింతగింజలు తిన్న ఇల్లని పేరు పడితే పిల్లనిచ్చేవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు.

"సూసినారా సార్?" అన్నాడు వరదయ్య. అని ఊరుకోలేదు. గెలుస్తున్నవాడికి నోరు ఊరికే ఉండదు. "జ్ఞానాంబా, ఊరంతా తిరిగి అడుగు. నా ఇంటికి పోయి గూడా అడుగు. తిన్నామని ఒక్కరు చెప్పినా ఈ కాగితాన్ని నీ పొయ్యిలో నేనే ఏస్తా."

"నెల్నాళ్లుగా తిరగతానే ఉండానన్నా. నలభై ఇండ్లు ఎక్కి దిగినా. ఒక్కరే ఒప్పుకున్నారు" అంది జ్ఞానాంబ. రొండిన దోపుకున్న కాగితం తీసి వకీలు చేతికి ఇచ్చింది. కింద వేలిముద్ర ఉంది, పక్కన పోస్టుమాస్టరు సాక్షి సంతకం ఉంది.

వకీలు కళ్లద్దాలు పెట్టుకుని, ఆ సాక్ష్యం ఇచ్చింది కుప్పమ్మ అనే ఆమె అని చెప్పాడు.

"యా కుప్పమ్మ? ఈ ఊర్లో వీధికొక కుప్పమ్మ ఉండాది. కూలి డబ్బులిస్తే ఎవరైనా ఏలు ముద్ర ఏస్తారు."

వకీలు పైకి చదివాడు. "ఇంట్లో పిడికెడు రాగులు లేని కరువులో, చింతగింజల్ని ఇసకలో ఏంచి, పొట్టు తీసి, పిండి ఇసిరి, సంకటి కెలికి, మూడేండ్ల నా బిడ్డకు పెట్టినాను. అది తినే వాడు బతికినాడు. ఎట్ల ఏంచాల్నో పెద్దయినంక వానికి నేనే చెప్పినాను. బిడ్డను బతికించుకున్నందుకు నాకు సిగ్గేమీ లేదు."

అక్కడ ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కింద ఇంకొక ముక్క ఉంది.

"సదవండి సార్, ఏం రాయించిందో సూస్తాం" అన్నాడు వరదయ్య. ఆ గొంతులో ముందున్న బింకం లేదు.

వకీలు చదివాడు.

"బిడ్డ పేరు వరదయ్య."