నడిరోడ్డు మీద వంటావార్పు

"సారూ, జర కారు దిగుండ్రి. ఇయ్యాల ఈ తొవ్వ మాది," అన్నడు మెడల తువ్వాల ఏసుకున్నాయన.

వెంకట్రాం నెత్తి పట్టుకున్నడు. ఆ ఏడు తెలంగాణల బంద్ లేని వారమే లేకుండె. హైదరాబాద్ కెల్లి వచ్చి జనగామ దాటంగనే నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. నలభై మంది దాక "జై తెలంగాణ" అనుకుంట వంటావార్పు చేస్తున్నరు.

"జర పోనియ్యన్నా! ఎల్లుండి పొద్దుగాల భూపాలపల్లి గనికాడ మా కంపెనీ క్యాంటీన్ తెరవాలె. ఇయ్యాల వరంగల్ పోయి ఏజెన్సోళ్ల కాడ క్యాంటీన్ పనికి మనుషులను ఖాయం చేస్కోకుంటె క్యాంటీన్ పాయె, దాని ఎన్కనే నా నౌకరీ పాయె. నేను గూడ ఈడోన్నే, నర్మెట్ట మాది."

"నర్మెట్టోళ్లా! ఇంకేంది, మనోళ్లే. కూసోండ్రి, బువ్వ తిని పోదురు."

పండ్లు కొరుక్కుంట కూసున్నడు వెంకట్రాం. కూసున్నంక సూసుడు తప్ప పనేముంది? సూస్తాంటె చిత్రమనిపిచ్చింది. లొల్లి లేదు, తోపులాట లేదు. వాళ్లల్ల జాల్యా అనే మీసాలాయన విజిలేసుకుంట బస్సులను పక్కబాట పట్టిస్తుండు. అంబులెన్స్ వస్తే తొవ్వ, పెండ్లోళ్ల వ్యానొస్తే తొవ్వ.

"అందర్ని పంపిస్తున్నరు, నా కారేం పాపం చేసిందే?"

"పెద్దమనుషులను ఉపాసం పంపిస్తమా సారూ?" నవ్విండు తువ్వాలాయన.

పొయ్యి కాడి సమ్మక్క బగారన్నం దించింది. తువ్వాలాయన పెండ్లాం హమీదా బంతి కూసోబెట్టింది. "ఓ తమ్మీ, డ్రైవరన్న ఇస్తారి సూడు! అడిగిందాక ఆగుతరా? మంచినీళ్లేవి?" అని ఒక్కతీరుగ పురమాయిస్తుంది. వెంకట్రాం వంకాయ కూర మూడుమాట్ల ఏయించుకున్నడు. తిన్న ఇస్తారి లేపంగనే రోడ్డు ఊడ్సుడు గూడ అయిపాయె.

"అన్నా, ఏం పార్టీ మీది?"

"పార్టీ లేదు గీర్టీ లేదు. నేను కైసర్‌ను. జనగామల మేన్‌పవర్ దుకాణం నాది. నిన్న ఫోన్ల 'కొత్త దుకాణపోడివి, నీకేం అనుభవముంది, నేను రేపు వరంగల్ పోతున్న' అని ఠక్కున పెట్టేస్తిరి. యాదికుందా?"

వెంకట్రాం మొహం చిన్నగైంది. "మరి వీళ్లంత?"

"పని కోసం నా కాడ పేర్లు రాయించుకున్నోళ్లు. మానుకోటోళ్లు, మరిపెడోళ్లు. దుకాణమైతె తెరిస్తి గని ఇప్పటిదాక ఒక్కనికి కొలువిప్పియ్యలే. ఈ నెల గూడ గింతేనంటె షట్టర్ దించుడే. ఖాళీగుండుడెందుకు, ఉద్యమంలనన్న ఉందమని వచ్చినం."

వెంకట్రాం చెయ్యి కడుక్కున్నడు. హమీదా దిక్కు సూసిండు, సమ్మక్క దిక్కు సూసిండు, జాల్యా దిక్కు సూసిండు.

"ఎల్లుండి పొద్దుగాలకు భూపాలపల్లిల ఉంటరా?"

"రేపు మాపటికే పొయ్యి ముట్టిస్తం సారూ!"

"ఒక్కరు తగ్గినా ఊకోను. అందరు రావాలె."

అంతే! జాల్యా ఈలేసిండు. సమ్మక్క గంటెతోని గంగాళం మీద దరువేసింది. హమీదా కొంగుతోని కండ్లొత్తుకుంట మొగడు కైసర్ వీపు మీద ఒక్కటి సరిసింది. నలభై గొంతులు "జై తెలంగాణ" అంటె రోడ్డు దద్దరిల్లింది.

కారు మల్ల హైదరాబాద్ దిక్కు తిరిగింది. వెంకట్రాం ఖుషీ ఖుషీగ డ్రైవర్‌తోని అన్నడు: "బంద్ పుణ్యమా అని బంగారమసొంటోళ్లు దొరికిన్రు పో!"

ఆ దినం బంద్‌కు ఎవ్వరు పిలుపే ఇయ్యలే.