వాళ్ళింటికే వెళ్తాను

“లిఫ్ట్ లేదు నాన్నా,” అంది వర్షిణి.

కెనడాలోని కిచెనర్‌లో ఆదివారం మధ్యాహ్నం. రామమోహనరావు బట్టల బుట్ట చంకన పెట్టుకుని, రైలింగ్ పట్టుకుని, సగం మెట్ల మీద మోకాలికి కాస్త విశ్రాంతినిచ్చి, బేస్‌మెంట్ నుంచి పైకి వచ్చేసరికి ఫోన్ మోగింది. వంటింట్లో తూర్పు కిటికీ దగ్గరున్న తన కుర్చీలో కూలబడ్డాడు.

“లిఫ్టేమిటే? నేనడిగింది అబ్బాయి గురించి.”

“అబ్బాయి బాగానే ఉన్నాడు. కానీ వాళ్ళది నాలుగో ఫ్లోర్.”

“ఇరవై నాలుగేళ్ళ దానివి, నాలుగంతస్తులు ఎక్కలేవా?”

“వద్దులే నాన్నా. రైల్లో ఉన్నా, సిగ్నల్ పోతోంది.”

మిలాన్ సంబంధం అలా మెట్ల మీద ఆగిపోయింది.

వర్షిణి పక్క ఊరు వాటర్‌లూలో మాస్టర్స్ చేస్తూ, వేసవి ఇంటర్న్‌షిప్‌కి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్ళింది. శనివారం వస్తే తోటి ఇంటర్న్‌లు కోటలూ మ్యూజియంలూ చూసుకుంటున్నారు. ఈవిడగారికి మాత్రం ఊరికో పెళ్ళికొడుకు. ఆ ఏర్పాటంతా రామమోహనరావుదే. తెలిసినవాళ్ళందరినీ అడిగి, యూరప్‌లో ఉన్న తెలుగు అబ్బాయిల వివరాలు సంపాదించి, రైళ్ళ టైములు చూసి మరీ లిస్టు తయారు చేశాడు. అబ్బాయి వాళ్ళొచ్చి జంతికలు తినివెళ్ళే రోజులు పోయాయి. ఇప్పుడు అమ్మాయే బ్యాక్‌ప్యాక్ తగిలించుకెళ్ళి కాఫీ తాగొస్తోంది.

వర్షిణి ఒకే ఒక్క షరతు పెట్టింది.

“కేఫుల్లో కలవను. వాళ్ళింటికే వెళ్తాను. సరేనా?”

పద్ధతి తెలిసిన పిల్ల అని అప్పుడు మురిసిపోయాడు.

అతని తొందర అతనిది. భార్య శాంత పోయి మూడేళ్ళయింది. బ్రాంప్టన్‌లో పెద్దవాళ్ళు ఉండే ఒక అపార్ట్‌మెంట్‌లో గది కోసం పేరు రాయించుకున్నాడు. వచ్చేదీ రానిదీ ఆగస్టు నెలాఖరులోగా చెప్పమన్నారు. పిల్లకి సంబంధం కుదిరితే ఇల్లు అమ్మేసి అక్కడ చేరాలని అతని ఆలోచన. ఆ ఫారం డ్రాయర్‌లో ఉంది. ఆ సంగతి వర్షిణితో అనలేదు.

రెండు వారాల తర్వాత బ్రసెల్స్.

“వాళ్ళింట్లో రెండు పిల్లులున్నాయి నాన్నా.”

“ఉంటే? పక్కింటి స్వీటీని ఒళ్ళోంచి దింపేదానివి కాదుగా!”

“అది వేరు.”

ఏం వేరో చెప్పలేదు. ఆ సాయంత్రం స్వీటీ యజమాని కాశీవిశ్వనాథం స్వెటర్ నిండా పిల్లి వెంట్రుకలతో వచ్చి కూర్చున్నాడు. రామమోహనరావు వరసగా అయిదుసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, జరిగింది చెప్పుకొచ్చాడు.

“వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. ఆ పిల్ల మనసులో ఎవడో ఉన్నాడయ్యా,” అన్నాడు కాశీవిశ్వనాథం.

“ఉంటే నాతో చెప్పదూ?”

“తల్లితో చెప్పుకునే మాట తండ్రితో చెప్పుకుంటారా?”

ఆ మాట గట్టిగానే తగిలింది. ఏడు కొట్టేసరికి రామమోహనరావు అలవాటు ప్రకారం షుగరు మాత్ర వేసుకుని కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

మూడోది జ్యూరిక్. అబ్బాయి డాక్టరు, అందగాడు, మర్యాదస్తుడు. ఈసారి వంక దొరకదనుకున్నాడు.

“రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ వాళ్ళింట్లో కంచాలు పెట్టరు,” అంది.

“నువ్వు పదకొండింటికి నూడిల్స్ చేసుకు తినే రకానివి. నీకేమిటే బాధ?”

“నాకు విసుగొస్తోంది నాన్నా. అయిదు రోజులు ఆఫీసు, రెండు రోజులు రైళ్ళు. పడుకుంటాను.”

అతనికీ విసుగొచ్చింది. కోపం రాలేదు, నీరసం వచ్చింది. శాంత ఉండుంటే నిమిషంలో పిల్ల మనసు తెలుసుకునేది. తను మాత్రం మనసులో ఉన్నవాణ్ణి ఉన్నాడని చెప్పలేని స్థితికి కూతుర్ని తెచ్చుకున్నాడు. ఎంత అలిసిపోయిందో పాపం, ఆ ఊళ్ళన్నీ తిరిగి!

ఆగస్టు చివరి ఆదివారం. వియన్నాలో లోహిత్ అనే అబ్బాయిని చూసొస్తూ వర్షిణి రైల్లోంచి ఫోన్ చేసింది. ఆమె నోరు తెరవకముందే రామమోహనరావు అందుకున్నాడు.

“నేను చెప్పేది విను తల్లీ. నీ మనసులో ఎవరైనా ఉంటే చెప్పేయ్. ఏ కులమైనా, ఏ దేశమైనా నాకు ఫరవాలేదు. నాకోసం నువ్విలా తిరగొద్దు.”



“ఎవరూ లేరు నాన్నా. ఒట్టు,” అంది వర్షిణి. “ఈ అబ్బాయి నచ్చాడు.”

“ఎవరు? లోహితా?”

“ఊఁ. మూడు గంటలు మాట్లాడుకున్నాం. అన్నీ అడిగాను, అన్నింటికీ సరేనన్నాడు. నేనూ సరేనన్నాను.”

రామమోహనరావు శాంత ఫోటో వైపు చూశాడు. ఇన్నాళ్ళ బరువు దిగిపోయింది. ఎడమ చేత్తో డ్రాయర్ లాగి బ్రాంప్టన్ ఫారం తీశాడు. రేపే పంపేయొచ్చు. కలం మూత పంటితో లాగి, ‘వస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టబోతూ అడిగాడు.

“ఇంతకీ ఆ ముగ్గురిలో లేనిది ఇతనిలో ఏం చూశావమ్మా?”

వర్షిణి అలసటగా నవ్వింది.

“నీ గదికి తూర్పు కిటికీ ఉంది నాన్నా.”