అచ్చు పక్కన పెన్సిలు రాత

బంకులన్నీ మూతపడ్డాక మందుల షాపులో మాత్రమే దొరికే పెట్రోలు రెండు సీసాలు కొని ట్యాంకులో పోసి, సువర్చల తన పాత కారును ఆటోనగర్‌కు తెచ్చింది. మనిషి నడపాల్సిన కారు ఊళ్లో అదొక్కటే మిగిలింది. చేతిలో కంపెనీవాళ్ల రిపేరు పుస్తకం ఉంది.

"పుస్తకం దేనికమ్మా, ఈ రోబో మరచేతికి అదంతా కంఠతా వచ్చు," అంది షెడ్డు నడిపే రేష్మా.

మరచెయ్యి కార్బురేటర్ స్క్రూను పుస్తకంలో ఉన్నట్టే తిప్పింది. కొలతలన్నీ సరిపోయినా ఇంజను దగ్గుతూనే ఉంది.

సువర్చల ఆ పేజీ తెరిచి చూపించింది. అచ్చు పక్కన, గ్రీజు మరకల మధ్య, పెన్సిలుతో రాసి ఉంది: "ఈ బండికి పావు చుట్టు తక్కువ. వేడెక్కాకే తిప్పాలి."

"మీ నాన్న రాసిందే. ముప్ఫై ఏళ్లు ఈ బండిని ఆయనే చూశాడు."

రేష్మా తండ్రి మస్తాన్‌వలి పోయి ఆరేళ్లయింది. రాసే పని లేకుండా, యంత్రాలకు నోటితో చెబితే అన్నీ నడిచే రోజుల్లో పుట్టిన రేష్మా, తండ్రి చేతిరాత ఎప్పుడూ చూడలేదు. అక్షరాల మీద వేలుంచి నెమ్మదిగా చదువుకుంది. మరచేతిని పక్కకు జరిపి, స్క్రూ తనే తిప్పింది. ఇంజను కుదుటపడింది.

అయినా పుస్తకం తిరిగివ్వలేదు. ఇంకా పెన్సిలు రాతలున్నాయేమోనని పేజీలు తిప్పుతూ అడిగింది, "బ్రేకులేమైనా ఇబ్బంది పెడుతున్నాయా అమ్మా?"

బ్రేకులు నిక్షేపంగా ఉన్నాయి.

"పెడుతున్నాయి తల్లీ," అంది సువర్చల, ఇంజను ఆపేస్తూ.