కరెంటు లేని పరీక్ష

యేసమ్మ తలకు చివరి వైరు అంటించగానే కరెంటు పోయింది. ఇన్వర్టరు సంగతి చూద్దామని బయటికి వెళ్ళి, అదీ పనిచెయ్యక తిరిగొచ్చేసరికి ఆమె వైర్లతోనే లేచి కూర్చుంది.

"తగ్గింది అయ్యగారూ! తల దూదోలె అయింది."

నేను బోధన్ దగ్గర ఒక చర్చిలో పదకొండేళ్ళు పాస్టరుగా ఉన్నాను. చెరకు కొట్టే ఈ యేసమ్మ తల మీదే వందసార్లు చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. ఒక్కసారీ ఆమె తలనొప్పి తగ్గలేదు. చివరికి దేవుడితో తెగదెంపులు చేసుకుని, మెదడు గురించి చదువుకుని, నిజామాబాద్‌లో ఈ మెదడు పరీక్షల గదిలో టెక్నీషియన్‌గా చేరాను. ఇక్కడ విశ్వాసంతో పనిలేదు, ఇన్వర్టరు ఉంటే చాలు.

"మిషన్ నడువనే లేదు యేసమ్మా! నడిచినా అది నొప్పి తగ్గియ్యదు. గీతలు గీస్తది, అంతే."

"మరెట్ల తగ్గింది?"

దొరికిందే అవకాశమని పాఠం మొదలుపెట్టాను. తగ్గుతుందని గట్టిగా నమ్మితే మెదడే నొప్పిని అణిచేస్తుందనీ, సైన్సు ఈ సంగతి ఎప్పుడో తేల్చిందనీ వివరించాను.

"గీ ముచ్చటనే గద మీరు ఆదివారం ఆదివారం చెప్పింది!"

"మరి అప్పుడెందుకు తగ్గలే?" గెలిచాననుకుంటూ అడిగాను.

"అప్పుడు నా తల మీద మీ చెయ్యి వణుకుతుండె అయ్యగారూ. ఇయ్యాల వణకలే."

కరెంటు వచ్చింది. ఆమె లేచినప్పుడు ఊడిన వైరు మళ్ళీ అంటించబోయాను. చెయ్యి వణికింది.